కీలిచ్చే సంస్థ లేకుండా గ్రూపు భద్రంగా ఉంటుందా? అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో నెట్‌వర్క్ సెక్యూరిటీ పని చేస్తాను. మామిడి సీజన్‌లో చిత్తూరు వైపు తోతాపురి రైతులు, లారీ వాళ్లు అడిగేది ఒకటే: "సార్, మాకు సర్వర్ లేదు, సర్టిఫికెట్లు లేవు. మా ధరల మాటలు బయటికి పోకుండా ఉంటాయా?"

అపోహ: కీలు (మెసేజ్‌లకు తాళం వేసి, తీసే రహస్య సంఖ్యలు) జారీ చేసే సంస్థ లేకపోతే రహస్యంగా మాట్లాడుకోలేం.

మాట్లాడుకోవచ్చు. 1976లోనే పరిశోధకులు డిఫీ, హెల్‌మన్ దారి చూపించారు. ఎవరి రహస్య సంఖ్య వాళ్లు దాచుకుని, దాంతో లెక్కగట్టిన ఇంకో సంఖ్యను మాత్రమే బయటికి పంపుతారు. అందరూ వింటున్న లైన్ మీదే ఇద్దరికీ ఒకే కీ తయారవుతుంది. ఈ లెక్కను గ్రూపుకూ పొడిగించవచ్చు.

అపోహ: ఎన్‌క్రిప్షన్ (మెసేజ్‌కు కీతో తాళం వేయడం) ఉందని యాప్ చెప్తోంది, ఇంకేం చూడాలి?

అసలు కష్టమంతా ఇక్కడే. మధ్యలో దూరినవాడు మీతో ఒక కీ, అవతలివాళ్లతో ఇంకో కీ కుదుర్చుకున్నా ఇద్దరికీ తేడా తెలియదు. అవతల ఉన్నది ఫలానా మనిషేనని పూచీ పడటమే సర్టిఫికెట్ సంస్థ పని. అది లేనప్పుడు ఆ పూచీ మనమే పడాలి. వాట్సాప్, సిగ్నల్ యాప్‌లలో మాట్లాడుకునే ప్రతి జతకూ 60 అంకెల కోడ్ ఉంటుంది, ఐదేసి అంకెల చొప్పున 12 ముక్కలు. ఇద్దరి ఫోన్లలోనూ అది ఒకటే అయితే మధ్యలో ఎవరూ దూరలేదన్నమాట.

పోయిన సీజన్‌లో టీ కొట్టు దగ్గర ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఈ కోడ్‌లు ఒకరితో ఒకరికి చదివించాను. అంటే 28 జతలు. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదువుతుంటే ఆరు ముక్కలు సరిపోయాయి, ఏడోది కలవలేదు. అందరికీ టెన్షన్. చూస్తే, ఎదుటాయన ఇంకొకరి చాట్ తెరిచాడు! కోడ్‌లో సగం ఒకరి కీది, సగం మరొకరిది కాబట్టి సగం దాకా కలిసింది.

ఊళ్లో లేనివాళ్లకు కాల్ చేసి, గొంతు గుర్తుపట్టాక చదివించాం. కోడ్‌ను అదే చాట్‌లో పంపి సరిచూసుకోవద్దు. మధ్యలో ఉన్నవాడు దాన్నీ మార్చేయగలడు.

అపోహ: అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే సరి.

ఒకరి దగ్గర జారితే అందరిదీ పోయినట్టే. ఊరి పేరు, పక్కన 123 పెడితే మరీ సులువు.

అపోహ: గ్రూపులోంచి తీసేస్తే పని అయిపోయింది.

పాత కీ అతని దగ్గరే ఉంటుంది. మిగిలినవాళ్లకు కొత్త కీ అందాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2023లో ప్రచురించిన ఎంఎల్‌ఎస్ అనే గ్రూపు మెసేజ్‌ల భద్రతా ప్రమాణం సభ్యులను చెట్టు కొమ్మల్లా పేర్చి, వెయ్యిమంది ఉన్నా మామూలుగా పది మెట్లలోనే కీ మారుస్తుంది. ఎవరు ఎవరన్నది తేల్చే పనిని మాత్రం అదీ బయటికే వదిలేసింది. తీసేసిన మనిషి ఫోన్‌లో పాత మెసేజ్‌లు అలాగే ఉంటాయి. అందుకే ధరల మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా మొదటిరోజే టైమర్ పెట్టించాను.