హైదరాబాద్ హత్యల వెనుక: భూమి, మద్యం, చీకటి ప్లాట్లు

హైదరాబాద్‌లో ఎక్కడైనా హత్య జరిగితే మర్నాడు పేపర్లో కనిపించే కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. పాత కక్షలు, భూ తగాదా, మద్యం మత్తు, కుటుంబ కలహం. చంపినవాడు చాలాసార్లు తెలిసినవాడే అయి ఉంటాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క కూడా ఇటే చూపిస్తుంది. 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 తగాదాల వల్ల, 3,761 వ్యక్తిగత పగల వల్ల జరిగాయి. డబ్బు కోసమో ఆస్తి దోచుకోవడానికో చేసినవి 1,884. మనం ఎక్కువగా భయపడేది ముక్కూ ముఖం తెలియని దొంగకి. ప్రాణాలు ఎక్కువగా పోయేది మాత్రం పరిచయస్తుల మధ్య గొడవల్లో.

ఆ గొడవలు ఎక్కడ ముదురుతాయన్న ప్రశ్న పాతదే. 1829లో ఫ్రాన్స్‌లో గెర్రీ అనే న్యాయవాది, బాల్బీ అనే భూగోళ శాస్త్రవేత్త కలిసి నేరాల లెక్కలను ప్రాంతాలవారీగా మ్యాపుల మీదికి ఎక్కించారు. 1835లో బెల్జియం గణాంకవేత్త కెట్లే ఒక ముఖ్యమైన సంగతి గమనించాడు. అన్నిటికంటే పేద జిల్లాల్లోనే నేరాలు అన్నిటికంటే ఎక్కువగా లేవు. ఉన్న స్థితి నుంచి మనుషులు ఒక్కసారిగా పడిపోయే చోట, పక్కపక్కనే ఉన్నవాళ్ల మధ్య తేడా పెరిగే చోట ప్రమాదం ఎక్కువని అతను రాశాడు. అసమానత ఎక్కువున్న దేశాల్లో హత్యల రేటు కూడా ఎక్కువగా ఉంటుందని తర్వాతి పరిశోధనలు పదేపదే చూపించాయి. అందుకే హత్య వార్త రాగానే బస్తీల వైపు వేలు చూపించడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్ విషయంలో ఈ తేడాకు మూలం భూమి. నిజాం కాలంలో నగరం చుట్టుపక్కల భూములు చాలావరకు సర్ఫ్-ఎ-ఖాస్ (నిజాం సొంత ఆస్తి), పాయిగా (పెద్ద నవాబు కుటుంబాల ఎస్టేట్లు), జాగీర్ల (కొలువుకు బదులుగా ఇచ్చిన భూములు) కింద ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి కానీ చిక్కులు పోలేదు. కాగితం ఒకరి పేరున ఉంటే సాగు ఇంకొకరిది, మధ్యలో వారసుల పేచీలు. నగరంలో ఒకరి దగ్గర ఇంతకు మించి ఖాళీ భూమి ఉండకూడదన్న 1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టంతో మిగులు భూమి గొడవ కూడా తోడైంది. పరిస్థితి ఎంత దూరం వెళ్లిందంటే, 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ ఆక్రమణలను ఆపడానికి విడిగా ఒక చట్టమే తేవాల్సి వచ్చింది. బోగస్ హౌసింగ్ సొసైటీలు పెట్టి, లేని హక్కులు సృష్టించి భూములు అమ్ముతున్నారని, దీనివల్ల శాంతిభద్రతలు దెబ్బతింటున్నాయని ఆ చట్టం పీఠికలోనే ఉంది. నగరంలో ఐటీకి గుర్తుగా నిలిచిన సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. అంటే కబ్జాల గొడవ ఐటీతో మొదలైంది కాదు, ఐటీ దాని విలువను పెంచింది.

ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. నిన్నటిదాకా జొన్న పండిన చేను కోట్ల ఆస్తి అయింది. ముందే తక్కువకు అమ్ముకున్న రైతు, అదే గట్టు అవతల అమ్మకుండా ఆగిన రైతు ఒకే ఊళ్లో మిగిలారు. అన్నదమ్ముల పంపకం కోర్టుకెక్కితే తీర్పుకు ఏళ్లు పడుతుంది. ధర అంతవరకు ఆగదు. ఆ ఖాళీలోకి సెటిల్‌మెంట్ల మనుషులు దిగుతారు. రౌడీషీట్లు తెరిచినంత మాత్రాన ఈ ఖాళీ పూడదు. భూమి ఎవరిదన్న టైటిల్ వివాదాలు త్వరగా తేలడం కూడా హత్యల నివారణలో భాగమే.

మద్యం సంగతి అందరికీ తెలిసిందే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, 1997లో రెండోది ఎత్తేశారు. అప్పటి నుంచి ఖజానాకు మద్యమే పెద్ద ఆసరా. తాగిన ప్రతివాడూ కత్తి తీయడు. కానీ మాటతో పోవాల్సిన గొడవ పర్మిట్ రూమ్ బయట కత్తిపోటు దాకా వెళ్లడానికి తాగుడు దారి వేస్తుంది. తుపాకులు సులువుగా దొరకకపోవడం మన అదృష్టం. 2021లో ప్రపంచంలో లక్ష జనాభాకు 5.8 మంది హత్యకు గురైతే, 2022లో మన దేశంలో హత్యల రేటు 2.1.

పరిసరాల పాత్రను మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫిలడెల్ఫియాలో చెత్తతో నిండిన ఖాళీ స్థలాలను శుభ్రం చేసి, గడ్డీ చెట్లూ పెంచితే పేద వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. ఇరుగుపొరుగు ఒకరినొకరు నమ్మి, గొడవలో కల్పించుకునే చోట హింస తక్కువని 1997 నాటి షికాగో అధ్యయనం చూపింది. మన శివార్లలో లైట్లు లేని వెంచర్లు, ముళ్లపొదలు మొలిచిన ప్లాట్లు ఎన్నో. లైటు వేసి, పొదలు కొట్టించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఇంత చెప్పినా హత్యల లెక్కలో చేరని చావులు ఇంకా ఉన్నాయి. వరకట్న మరణాలను విడిగా లెక్కిస్తారు. 1986లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 304బి సెక్షన్ 2024 దాకా వాటికి వర్తించేది. 2022లో అవి 6,450. పైన చెప్పిన 28,522 కేసుల్లో అవి లేవు. ఇళ్లలో భార్యలు ఎందుకు చనిపోతున్నారో అడగకుండా ఈ నగరం ఎంత భద్రమో ఎవరూ చెప్పలేరు.