గ్వాహీరా ఎడారిలో కృత్తిక వాన

దక్షిణ అమెరికా ఉత్తరపు కొసన, కొలంబియా వెనిజ్వెలా సరిహద్దులో, కరేబియన్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల గ్వాహీరా. అక్కడ ఉండేది వయూలు అనే ఆదివాసులు. వాళ్ల భాష అరావాక్ కుటుంబానికి చెందింది. 2018 జనాభా లెక్కల ప్రకారం ఒక్క కొలంబియాలోనే సుమారు 3.8 లక్షల మంది ఉన్నారు. మేకలు కాస్తారు, వాన పడితే మొక్కజొన్న, చిక్కుళ్లు, పుచ్చకాయలు వేస్తారు.

పడితేనే. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. గ్వాహీరా ఉత్తర భాగంలో 400 కూడా దాటదు. అదీ రెండు విడతలుగా వస్తుంది: ఏప్రిల్, మే నెలల్లో కొద్దిగా, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా గట్టిగా. వయూల కథల్లో వాన ఒక మగవాడు, పేరు హుయా. ఊరూరా తిరిగే వేటగాడు. అతని భార్య పులోవి ఉన్నచోటు నుంచి కదలదు, ఆమెది కరువు పక్షం.

మొదటి విడత వానని వాళ్లు ఈవా అంటారు. మనం కృత్తిక అనే చుక్కల గుంపు పేరు కూడా అదే. పెద్ద వానల కాలానికి గుర్తులు చిత్త, స్వాతి. స్వాతిని హుయోఉ అంటారు. ఆ పేరులో హుయా వినిపిస్తూనే ఉంటాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ మూడు నక్షత్రాల ఎంపికే. ఏప్రిల్ చివర్లో కృత్తిక సాయంత్రం పడమట బాగా కిందికి దిగిపోతుంది. మే నెలలో సూర్యుడి వెలుగులో కలిసిపోయి, జూన్‌లో తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపిస్తుంది. అంటే ఈవా వానలు పడేది ఈవా కనుమరుగయ్యే రోజుల్లో. చిత్త, స్వాతి కూడా అక్టోబరు ప్రాంతంలో సాయంత్రపు ఆకాశం నుంచి తప్పుకుంటాయి. మన రైతుల కార్తెల లెక్కా ఇలాంటిదే: మే 11 ప్రాంతంలో సూర్యుడు కృత్తికను చేరగానే కృత్తిక కార్తె మొదలవుతుంది, ఆ రోజుల్లో ఆ నక్షత్రం కంటికి ఆనదు. ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేని రెండు సమాజాలు ఇలా అవే చుక్కలతో వానని గుర్తుపెట్టుకున్నాయి.

నక్షత్రం వానని తీసుకురాదు. భూమధ్యరేఖ దగ్గర మేఘాలు కమ్మే పట్టీ సూర్యుడి వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంటుంది. ఏ చుక్క ఎప్పుడు కనిపించాలో నిర్ణయించేదీ సూర్యుడి వార్షిక గమనమే. అందుకే రెండు తేదీలూ కలుస్తాయి. కానీ పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదిలో ఉత్తర కొలంబియాలో వానలు తగ్గిపోతాయి. 2015లో గ్వాహీరాలో కుంటలు ఎండి మేకలు చచ్చిపోతున్నప్పుడు కూడా కృత్తిక తన వేళకే అస్తమించింది.