తుఫాను చీరాలలో, ఉప్పెన దివిసీమలో

“1977 నవంబరు 19 నాటి తుఫాను చీరాల దగ్గర తీరం దాటిందని చదివాను. మరి వేలాది మంది దివిసీమలో ఎందుకు చనిపోయారు?” అని ఒక పాఠకుడు అడిగారు. చీరాలకు, కృష్ణ ముఖద్వారం దగ్గరి దివిసీమలో ఉన్న నాగాయలంకకు మధ్య దూరం దాదాపు 60 కిలోమీటర్లు. ఆంధ్ర తీరం మీద రెండున్నర శతాబ్దాలుగా విరుచుకుపడుతున్న తుఫానుల చరిత్రలో నాకు ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న కనిపించదు. దీనికి జవాబు తెలిస్తే ఏ తుఫాను ఎవరిని ముంచిందో, ఎవరిని గాలితో కొట్టి వదిలేసిందో చాలావరకు అర్థమవుతుంది.

బంగాళాఖాతంలో వాయుగుండం ఎలా పుడుతుందన్నది పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉన్న సంగతే కాబట్టి దాన్ని వదిలేసి, తీరం దగ్గర జరిగేదాన్ని చూద్దాం. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి అపసవ్యంగా, అంటే గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. ఆనాటి తుఫాను ఉత్తర వాయవ్య దిశగా కదులుతూ వచ్చి తీరాన్ని తాకింది. అది వస్తున్న దిశకు ముఖం పెట్టి నిలుచున్నామనుకుంటే కాదు, అది పోతున్న దిశకు ముఖం పెట్టి దానితో పాటు కదులుతున్నామనుకుంటేనే కుడి ఎడమలు సరిగ్గా తెలుస్తాయి. అలా చూస్తే కుడిచేతి వైపున దివిసీమ, ఎడమచేతి వైపున ఒంగోలు ఉంటాయి. కుడివైపున గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది, ఎడమవైపున నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఒకే తుఫాను ఒక ఊరి మీదికి సముద్రాన్ని తోస్తూ, మరో ఊరి ఒడ్డు నుంచి అదే సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. సముద్రం వెనక్కి పోవడం, ముందుకు రావడం దైవాగ్రహానికీ దైవానుగ్రహానికీ గుర్తులని ఇప్పటికీ నమ్మేవారున్నారు. ప్రతి విపత్తు తరువాతా బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఇది ముందే ఉందని చెప్పేవారికీ కొదవ లేదు. కానీ ఆ రాత్రి దివిసీమ మునగడానికి, ఎడమవైపు తీరం ఉప్పెన నుంచి తప్పించుకోవడానికి గాలి దిశ చాలినంత కారణం.

కుడివైపుకు మరో దురదృష్టం కూడా ఉంది. తుఫాను తాను కదిలే వేగం అక్కడి గాలి వేగానికి తోడవుతుంది, ఎడమవైపున తగ్గుతుంది. సుడిగాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు, తుఫాను నడక గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే కుడివైపున 200, ఎడమవైపున 160 అవుతుంది. నీటి మీద గాలి ఒరిపిడి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, ఈ చిన్న తేడాతోనే కుడివైపు తోపుడు ఎడమవైపు కన్నా ఒకటిన్నర రెట్లకు పైబడుతుంది.

ఇక నీరు ఎంత ఎత్తు లేస్తుంది? తుఫాను కేంద్రంలో వాయుపీడనం తగ్గడం వల్ల నీరు ఉబుకుతుందన్న మాట నిజమే కాని, ఆ వాటా చిన్నది. ఒక హెక్టోపాస్కల్ పీడనం తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది కాబట్టి, 70 హెక్టోపాస్కళ్లు తగ్గినా 70 సెంటీమీటర్లే. దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. మిగిలినదానిలో అధికభాగం గాలి పని, దానికి సహకరించినది సముద్రపు లోతు లేకపోవడం. లోతైన బానలోని నీటి మీద ఊదితే పైనీరు ముందుకు పోయి అడుగు నుంచి వెనక్కి తిరిగి వస్తుంది, పళ్లెంలోని పలుచని నీటి మీద ఊదితే తిరిగి రావడానికి చోటు లేక అంచు దగ్గర పేరుకుంటుంది. దీన్ని అంకెల్లో చూద్దాం. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు నీటి మీద సుమారు 7.5 న్యూటన్ల బలంతో తోస్తుంది. 10 మీటర్ల లోతున్న చోట ఈ తోపుడు వల్ల నీటిమట్టం ఒడ్డు వైపు ప్రతి కిలోమీటరుకు 7 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. అలాంటి తక్కువ లోతు 40 కిలోమీటర్ల మేర ఉంటే ఒడ్డున నీరు దాదాపు 3 మీటర్లు లేస్తుంది. అదే గాలి, అదే 40 కిలోమీటర్లు, కాని లోతు 1000 మీటర్లయితే లేచేది 3 సెంటీమీటర్లు. ఆటుపోట్లు, కెరటాలు ఈ లెక్కకు అదనం. కృష్ణ ముఖద్వారం పక్కనున్న నిజాంపట్నం అఖాతం లోతు తక్కువైనది, పైగా లోపలికి వంగినది. తోసుకువచ్చిన నీరు పక్కకు జారిపోవడానికి అక్కడ దారి లేదు. దివిసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న నేల కావడంతో నీరు 10 కిలోమీటర్లకు పైగా లోపలికి పారింది. మృతుల సంఖ్య అధికారిక లెక్కల ప్రకారమే 10,000 దరిదాపుల్లో ఉంది.

ఈ దృష్టితో వెనక్కి చూస్తే చరిత్ర స్పష్టమవుతుంది. 1789లో గౌతమి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవును వరుసగా మూడు పెద్ద కెరటాలు ముంచాయని ఆనాటి వర్ణనలు చెబుతున్నాయి. 1839లో అదే కోరంగి మళ్లీ నాశనమైంది. ఆ సంవత్సరం 3 లక్షల మంది మరణించారని చాలాచోట్ల రాస్తారు గాని, ఒక రేవు పట్టణానికి, చుట్టుపక్కల పల్లెలకు ఆ అంకె నాకు నమ్మదగినదిగా తోచదు. 1864 నవంబరు 1న మచిలీపట్నంలో సుమారు 30,000 మంది చనిపోయారు. ఇవన్నీ డెల్టా తీరాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్నాన్ని తాకి నగరంలోని చెట్లను, కరెంటు స్తంభాలను కూల్చినా, అక్కడి సముద్రమట్టపు కొలమానంలో ఆటుపోట్లకు మించి పెరిగిన నీరు 1.4 మీటర్లే. అక్కడ కొండలు తీరం దాకా వస్తాయి, తీరరేఖ దాదాపు తిన్నగా సాగుతుంది, సముద్రపు అడుగు త్వరగా లోతెక్కుతుంది.

మన రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో ఈ కుడి ఎడమల తేడా ఎప్పటి నుంచో ఉంది, కాని బడిలో ఎవరూ దాన్ని నేర్పరు. 8, 9, 10 నంబర్లు మూడూ తీవ్రమైన తుఫానుకే ఇస్తారు. తుఫాను దారికి రేవు ఎడమవైపున ఉంటే 8, కుడివైపున ఉంటే 9, రేవు మీదుగా గాని దానికి బాగా దగ్గరగా గాని పోతే 10. నంబరు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి నీటి ఎత్తు సాధారణంగా అత్యధికంగా ఉండేది కేంద్రం దగ్గర కాదు, దానికి కుడివైపున గాలి వలయం బలంగా ఉండే చోట. అంటే 9వ నంబరు ఎగిరే రేవు దగ్గర 10వ నంబరు రేవు కన్నా పెద్ద ఉప్పెన రావచ్చు. భూగోళం పాఠంలో గాలి తిరిగే దిశను బట్టీ పట్టించే ఉపాధ్యాయులు, తీరం పటం మీద ఒక తుఫాను దారి గీసి “ఇందులో ఎవరు మునుగుతారు?” అని ఒక్కసారి అడిగితే ఆ పాఠం పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది.

1990 మే 9న దాదాపు అదే కృష్ణ ముఖద్వారం దగ్గర మహాతీవ్రమైన తుఫాను తీరం దాటింది. అప్పటికి తుఫాను ఆశ్రయ భవనాలు ఉన్నాయి, జనాన్ని లక్షల సంఖ్యలో ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. నేడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, తుఫాను దారిని, సముద్రపు అడుగు లోతులను, తీరపు నేల ఎత్తులను కంప్యూటరు నమూనాకు ఇచ్చి ఎక్కడ ఎన్ని మీటర్ల నీరు వస్తుందో లెక్కిస్తోంది. ఆ లెక్కకు పెద్ద చిక్కు తుఫాను దారిలోనే ఉంది. ఒక రోజు ముందు వేసిన అంచనా కొన్ని పదుల కిలోమీటర్లు తప్పవచ్చు, చీరాల నుంచి దివిసీమకు ఉన్న దూరం కూడా కొన్ని పదుల కిలోమీటర్లే. కేంద్రం అంత దూరం ఈశాన్యానికి జరిగితే దివిసీమ కుడివైపు నుంచి ఎడమవైపుకు మారి, ఆ నీరంతా మచిలీపట్నం వైపు పోతుంది.