కలం పేర్ల చాటున ఒక ఎడిటర్

వైన్ చుట్టూ నడిచే ‘డ్రాప్స్ ఆఫ్ గాడ్’ మాంగా (జపనీస్ కామిక్) మీద రచయిత పేరు తదాషి అగి అని ఉంటుంది. అలాంటి మనిషి ఎవరూ లేరు. అది యూకో కిబయాషి, ఆమె తమ్ముడు షిన్ కిబయాషి కలిసి పెట్టుకున్న పేరు. సెయిమారు అమాగి, యూమా అందో, యూయా ఆయోకి, ర్యో ర్యూమోన్ కూడా షిన్ కిబయాషే. ఈ పేర్ల వెనక కథ తెలియాలంటే ఆయన చేసిన ఉద్యోగం దగ్గరికి వెళ్లాలి.

1962లో పుట్టిన కిబయాషి, వాసెదా యూనివర్సిటీలో చదివి 1987లో కోదాన్షా ప్రచురణ సంస్థలో చేరారు. ఆ సంస్థ మాంగా వారపత్రిక వీక్లీ షోనెన్ మ్యాగజైన్‌లో ఎడిటర్. మాంగా ఎడిటరంటే అచ్చుతప్పులు దిద్దేవాడు, గడువు గుర్తుచేసేవాడు మాత్రమే కాదు. చిత్రకారుడితో కూర్చుని వచ్చే వారం కథ ఎటు తిరగాలో మాట్లాడతాడు. ఆ చర్చను ఉచిఅవాసె అంటారు. తర్వాత చిత్రకారుడు పేజీలను గళ్లుగా విడగొట్టి, సంభాషణలు రాసి, చిత్తుప్రతి తెస్తాడు. దాన్ని నేమ్ అంటారు. ఎడిటర్ సరేనన్నాకే అసలు బొమ్మలు మొదలవుతాయి. వారం వారం ఇరవై పేజీలు నడిచే ఆ హడావిడిలో ఫలానా మలుపు ఎవరికి తట్టిందో ఎవరు రాసిపెట్టుకుంటారు?

కిబయాషి దగ్గర ఎడిటర్‌కూ రచయితకూ మధ్య గీత మరింత చెరిగిపోయింది. 1992లో మొదలైన కిందాయిచి డిటెక్టివ్ సీరియల్‌కు తొలి రచయిత యోజబురో కనారి, బొమ్మలు ఫుమియా సాతోవి. మూల ఆలోచన దగ్గర అమాగి అని ఉండేది. తర్వాత్తర్వాత ఆ పేరే రచయిత స్థానంలోకి వచ్చింది. అదే పత్రికలో వింత సంఘటనల మీద పరిశోధన చేసే ఎడిటర్ల బృందం కథ ఒకటి నడిచేది. దాని నాయకుడి పేరు కిబయాషి, నమూనా ఈయనే. సొంత పేరుతో పాత్రగా పాఠకుల ముందుకు వచ్చిన మనిషి, రచయితగా మాత్రం మారుపేరు చాటున ఉన్నాడు. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ విషయమే.

అప్పుడు పోటీ తీవ్రం. 1995 తొలినాళ్లలో 65 లక్షల 30 వేల ప్రతులు అచ్చయిన పోటీ వారపత్రిక షోనెన్ జంప్‌ను 1997లో షోనెన్ మ్యాగజైన్ దాటేసింది. ఆ గెలుపు వెనక ఎడిటర్ల బల్లల మీద పుట్టిన కథలు కూడా ఉన్నాయని నేను నమ్ముతాను.

1999లో కిబయాషి ఉద్యోగం వదిలారు. పేర్లు మాత్రం వదల్లేదు. ‘గెట్‌బ్యాకర్స్’ను ఆయోకిగా, ‘బ్లడీ మండే’ను ర్యూమోన్‌గా రాశారు. 2004లో అక్కతో కలిసి, షూ ఒకిమోతో బొమ్మలతో ఆ వైన్ కథ ‘డ్రాప్స్ ఆఫ్ గాడ్’ మొదలుపెట్టారు. అది 44 సంపుటాలు నడిచింది. అందులో మెచ్చుకున్న షాతో మోంపెరా 2001 లాంటి ఫ్రెంచ్ వైన్ సీసాలకు తూర్పు ఆసియాలో గిరాకీ పెరిగింది. దాని ఆధారంగా తీసిన టీవీ సిరీస్‌కు 2024లో ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది.

నవలలకు వచ్చేసరికి ఆయన దారి మార్చారు. 2015లో వచ్చిన ‘డాక్టర్ వైట్’ అట్ట మీద ఉన్నది షిన్ కిబయాషి అనే అసలు పేరే.