రోడ్డుకు కావలసిన 500 మంది

పల్లెకు రోడ్డు ఎందుకు రాలేదని అడిగితే నిధులు లేవనో, నాయకులు పట్టించుకోలేదనో అంటారు. చాలా చోట్ల అంతకంటే ముందే ఒక అంకె అడ్డం పడి ఉంటుంది. అది ఆ ఊరి జనాభా.

ఈ పద్ధతి పాతదే. 1974లో మొదలైన ఐదో పంచవర్ష ప్రణాళికలో కనీస అవసరాల కార్యక్రమం పెట్టి, 1,500 మంది పైబడిన ఊళ్లన్నిటికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలన్నారు. చిన్న ఊళ్ల వంతు రావడానికి పాతికేళ్లు పట్టింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆ గీతను మైదానాల్లో 500కు, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 250కి దించింది. ప్రభుత్వ రికార్డుల్లోని రెవెన్యూ గ్రామాన్ని వదిలి ఆవాసాన్ని, అంటే విడిగా ఉండే గూడేన్ని, తండాను కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ పథకంలో అసలైన మేలు. అంతకుముందు ఊరి మధ్యకు తారు పడితే చాలు, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న తండాకు కూడా రోడ్డు ఉన్నట్టే కాగితాల మీద చలామణీ అయ్యేది.

అయినా 250 కూడా కొన్నిచోట్ల పెద్ద అంకే. ఏజెన్సీలో ముప్పై ఇళ్ల గూడెం ఉంటే అందులో నూట యాభై మంది ఉండడం కష్టం. పురిటి నొప్పుల మనిషిని డోలీలో కట్టి మోసుకొచ్చే వార్తలు ఎక్కువగా ఇలాంటి గూడేల నుంచే వస్తాయి. చెంచులు, కొండరెడ్ల వంటి ఆదిమ తెగల ఆవాసాల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఈ పరిమితిని 100కు తగ్గించింది.

ఇంతకీ ఆ తలలను లెక్కపెట్టేది ఎప్పుడు? 2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ ఇరవై రోజులూ ఇంటి పట్టున లేని మనిషిని ఊళ్లో రాయకూడదు, ఎక్కడ కనిపిస్తే అక్కడే రాయాలి. ఫిబ్రవరి అంటే ఇటుక బట్టీలు మండే కాలం. పాలమూరు లాంటి వలస ప్రాంతాల్లో ఇళ్లకు తాళాలు పడి, ముసలివాళ్లు మాత్రమే మిగిలే రోజులు. వెళ్లినవాళ్లు దేశం లెక్కలో తప్పిపోరు గాని, ఊరి లెక్కలో తప్పిపోతారు. 520 మంది తండా నుంచి నాలుగైదు కుటుంబాలు బట్టీకి వెళితే చాలు, అది గీత కిందకు జారుతుంది. దారి లేక పని వెతుక్కుంటూ పోయినవాళ్ల వల్లే దారికి అర్హత పోవడం ఈ నిబంధనలోని వంకర.

ఇక బస్సు సంగతి. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖే, 1958లో ఏర్పడిన ఏపీఎస్‌ఆర్టీసీకి పునాది. రోడ్డు వేయడానికి జనాభా చూస్తే, బస్సు నడపడానికి నిండే సీట్లు చూస్తారు. ఉదయం నిండుగా వెళ్లి మధ్యాహ్నం ఖాళీగా తిరిగే పల్లె వెలుగు నష్టాల జాబితాలోకి చేరి, ఒక ట్రిప్పుకు తగ్గి, చివరికి ఆగిపోతుంది. ఆ ఖాళీలోకి షేర్ ఆటోలు వచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. బస్సే రాని ఊరి ఆడవాళ్లు మాత్రం బస్సు దొరికే చోటు దాకా ఆటోకు డబ్బులు ఇవ్వాల్సిందే.

జనగణన జిల్లా పుస్తకం తెరిస్తే ఈ కష్టమంతా ఒక్క అక్షరంలో ఉంటుంది. ఊళ్లో బస్సు లేకపోతే అయిదు కిలోమీటర్ల లోపు దొరికితే 'ఎ', అయిదు నుంచి పది మధ్య 'బి', పది దాటితే 'సి'. నడిచేది ఆరు కిలోమీటర్లా తొమ్మిదా అన్న తేడా ఆ 'బి'లో తెలియదు. మధ్యలో వాగు ఉందో లేదో అసలే తెలియదు.

2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశ 25,000 ఆవాసాలకు రోడ్లు వేస్తామంటోంది. అర్హతకు ప్రమాణం మాత్రం 2011 జనాభానే. తర్వాతి తలల లెక్క 2027లో, మళ్లీ ఫిబ్రవరిలోనే.