బ్రేకు వేశాక రైలింజిన్ క్యాబ్‌లో ఇంకేం పని?

ఇంజిన్ సిబ్బంది ఢీకొనే ముందు దూకేశారన్న వార్త వచ్చినప్పుడల్లా కేసీ జోన్స్ పేరు తీస్తారు. 1900లో ఫైర్‌మన్‌ను (ఇంజిన్‌లో బొగ్గు వేసే సహాయకుణ్ని) దూకమని చెప్పి, తాను బ్రేకు వదలకుండా చనిపోయిన అమెరికన్ డ్రైవరు. ఆ కథ అలా ఉంచి 1957 ఫిబ్రవరి 9కి రావాలి.

ఆ రోజు ఇంగ్లండ్‌లో జాన్ ఆక్సన్ నడుపుతున్న గూడ్సు ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ బ్రేకుకు ఆవిరి అందించే గొట్టం ఊడి, క్యాబ్ (డ్రైవరు ఉండే గది) నిండా మరిగే ఆవిరి కమ్మింది. వ్యాగన్లకు ఇంజిన్ నుంచి వేసే బ్రేకు లేదు, ఒక్కోదానికీ చేతిబ్రేకు బిగించాల్సిందే. ఫైర్‌మన్‌ను దూకమన్నది అందుకే. కొన్ని బిగించేలోపే బండి పల్లంలో వేగం అందుకుంది. ఆక్సన్ దిగలేదు. బండి అదుపు తప్పిందని దారిలో సిగ్నల్‌మన్‌కు తెలియజేశాడు, చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ దగ్గర ముందున్న గూడ్సును ఢీకొని పోయాడు. అక్కడ దూకడమూ పనే, ఉండిపోవడమూ పనే.

గాలి బ్రేకు బండిలో ఆ రెండోది దాదాపు లేదు. హ్యాండిల్ ఎమర్జెన్సీలో పెడితే పైపులో గాలి బయటికి పోతుంది, పీడనం పడిపోయి ప్రతి వ్యాగన్‌కూ బ్రేకు పడుతుంది. ఆ తర్వాత మిగిలేది హారనే.

లోపలే ఉండమనేవారు గట్టి క్యాబ్‌ను చూపిస్తారు. అమెరికాలో 1990 ఆగస్టు తర్వాతి ఇంజిన్లకు ముక్కు భాగంలో ఢీని తట్టుకునే ఉక్కు స్తంభాలు తప్పనిసరి, 2009 నుంచి అవి మరింత బలమైనవి. సిబ్బంది మాట వేరు: ఎదురెదురుగా వస్తే రెండు వేగాలూ కలుస్తాయి, వెనుక వ్యాగన్లు మీదికెక్కుతాయి, డీజిల్ ట్యాంకు పగులుతుంది. అమెరికాలో గుడ్‌వెల్ (2012), పాన్‌హ్యాండిల్ (2016) దగ్గర రెండేసి గూడ్సులు ఎదురెదురుగా ఢీకొన్న ప్రమాదాల్లో నలుగురేసి సిబ్బందిలో ఒక్కొక్కరే బతికారు. ఇద్దరూ దూకినవారే.

దూకడం తేలికని కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో స్తంభానికి తగిలితే 14 మీటర్ల ఎత్తునుంచి పడ్డట్టే; 30కి తగ్గితే మూడున్నర మీటర్లు. వేగం తగ్గేదాకా ఆగితే ఎదుటి బండి ఆగదు. పక్క ట్రాకు, వంతెన లేని వైపు చూసుకుని, నిచ్చెన కింది మెట్టుకు దిగి, బండి పోయే దిక్కుకే దూకాలి. పడ్డచోటే ఉంటే ఒరిగే వ్యాగన్లు మీదపడతాయి, వెంటనే దూరం జరగాలి.

దూకినవాణ్ని విచారించేటప్పుడు ముందు చూడాల్సింది ఇంజిన్ వేగం, బ్రేకు వాడకం నమోదు చేసే ఈవెంట్ రికార్డరు: ఎమర్జెన్సీ పడింది ఏ సెకనులో? అతను మెట్టు దిగింది దానికి ముందా, తర్వాతా?