ముందు యాంటెన్నా పీకి చూడండి: హ్యామ్ రేడియోలో గోల ఎక్కడిదో పట్టుకోవడం

సాయంత్రం ఆరు దాటిందంటే చాలు, 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మీద నా రిసీవర్లో బుర్రుమని ఒకటే గోల. వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చూపించే ఎస్ మీటర్ 7 దగ్గరే అతుక్కుపోయేది, ఆ గోల కింద ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది గానీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మూడు రోజులు చూసి నాలుగో రోజు రిగ్ (అంటే నా రేడియో సెట్టు) మూత విప్పాను, లోపల కనెక్టర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను, బోర్డు మీద అనుమానం వచ్చిన చోటల్లా మళ్లీ సోల్డర్ చేశాను, గోల ఇసుమంత కూడా తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది, రిగ్‌లో ఏ లోపమూ లేదు కదా.

హ్యామ్ రేడియో సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుని, సొంతంగా ఒక రేడియో స్టేషన్ పెట్టుకుని, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న మిగతా హ్యామ్‌లతో మాట్లాడుకోవడం. ఇందులో వ్యాపారం ఉండకూడదు, ఉన్నదంతా ఇష్టమే. ఆ ఇష్టంలో సగం మాట్లాడటంలో ఉంటే మిగతా సగం ఇదిగో ఇలాంటి తంటాల్లో ఉంటుంది, నాకైతే ఈ రెండో సగమే ఎక్కువ నచ్చుతుంది.

మూత విప్పకముందు నేను చేయాల్సిన పని పది సెకన్లది. రిగ్ వెనకాల యాంటెన్నా కేబుల్ పీకేసి వినాలి, అంతే. గోల ఒక్కసారిగా పడిపోయి చిన్న హిస్ మాత్రమే మిగిలితే రిసీవర్ బాగానే ఉన్నట్టు, గోల యాంటెన్నా దారిలో లోపలికి వస్తున్నట్టు. పీకినా ఏమీ మారకపోతే అప్పుడు రిగ్‌ని, దాని పవర్ సప్లైని అనుమానించాలి. ఈ ఒక్క పరీక్షతో సగం ప్రపంచం మన అనుమానాల లిస్టులోంచి పోతుంది, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయొచ్చు, అలా సగం సగం చేసుకుంటూ పోతే ఎంత పెద్ద చిక్కుముడి అయినా అయిదారు మెట్లలో ఒక మూలకి వచ్చి ఆగుతుంది. పార్టులు మార్చుకుంటూ పోయేవాళ్లకి ఈ సుఖం దొరకదు.

ఎస్ 7 దగ్గర గోల ఉంటే ఏమైంది, అవతలివాళ్లు ఇంకొంచెం పవర్ పెంచితే సరిపోదా అని ఒకరు నన్ను అడిగారు. లెక్క వేసి చూద్దాం. ఎస్ మీటర్ మీద ఒక్కో అంకెకి 6 డెసిబెల్స్ తేడా, అంటే పవర్లో నాలుగు రెట్లు. గోల ఎస్ 3 దగ్గర ఉండాల్సింది ఎస్ 7 కి వచ్చిందంటే నాలుగు అంకెలు, 24 డెసిబెల్స్, సుమారు 250 రెట్లు. అవతలి స్టేషన్ 100 వాట్లతో పంపుతుంటే, నాకు మునుపటిలా వినపడాలంటే ఆయన 25,000 వాట్లు పెట్టాలి! అదే ఆ గోల ఎక్కడిదో కనిపెట్టి ఆపేస్తే ఆ 250 రెట్లు నాకు ఊరికే వచ్చేస్తాయి. పెద్ద రిగ్ కొందామా అనుకునేవాళ్లు ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఈ బ్యాండ్లలో మామూలు రిగ్ కూడా బయట ఉన్న గోల కంటే సన్నటి సిగ్నల్‌ని పట్టేంత సెన్సిటివ్‌గానే ఉంటుంది, అడ్డం వచ్చేది బయట గోలే.

సరే, గోల యాంటెన్నా నుంచే వస్తోందని తేలింది. తర్వాత మెట్టు రిగ్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆఫ్ చేయడం. గోల పోతే దొంగ మన ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు బ్రేకర్లు ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ వినాలి, ఏ బ్రేకర్‌కి గోల తిరిగొచ్చిందో ఆ గదికి వెళ్లి ప్లగ్గులు ఒక్కొక్కటే పీకాలి. యూపీఎస్, ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో వాటిని కూడా ఆపాలి, లేకపోతే మెయిన్ ఆఫ్ చేసినా అవి వెనకాల నడుస్తూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. నా విషయంలో ఆ దొంగ ఒక ల్యాప్‌టాప్ చార్జర్, అదీ రేడియో టేబుల్ కిందే. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

చార్జర్ ఎందుకు గోల చేస్తుంది అంటే, ఇప్పటి చార్జర్లు, ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, సోలార్ ఇన్వర్టర్లు అన్నీ కరెంటుని సెకనుకి కొన్ని పదివేల నుంచి లక్షల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ ఓల్టేజ్ మారుస్తాయి. అలా టక్కున ఆన్, టక్కున ఆఫ్ అయ్యే కరెంటులో అసలు ఫ్రీక్వెన్సీ ఒక్కటే ఉండదు, దాని రెండింతలు, మూడింతలు, వందింతలు కూడా ఉంటాయి, అవి పోయి పోయి మన బ్యాండ్ల మీద పడతాయి. బ్యాండంతా తెర మీద బొమ్మలా చూపించే వాటర్‌ఫాల్ డిస్‌ప్లే ఉన్న రిసీవర్లో చూస్తే సమాన దూరంలో మసక మసకగా నిలువు చారలు కనపడతాయి, చార్జర్ వేడెక్కే కొద్దీ ఆ చారలు మెల్లగా పక్కకి జరుగుతుంటాయి. రెండు చారల మధ్య దూరం 65 కిలోహెర్ట్జ్ అనుకోండి, అయితే ఆ వస్తువు స్విచింగ్ వేగం దాదాపు అదే. అంటే దాన్ని కళ్లతో చూడకముందే దాని గుణం మనకి తెలిసిపోతుంది, ఇది నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. కరెంటు లైన్ల మీద వదులైన బోల్టుల దగ్గర నిప్పురవ్వలు ఎగిరే గోల అయితే ఇలా ఉండదు, అది బ్యాండంతా పరుచుకుని జుయ్యిమంటుంది, 50 హెర్ట్జ్ సప్లై ఉన్నచోట సెకనుకి 100 దెబ్బలు, ఎండాకాలం ఎక్కువగా ఉండి వాన పడితే చాలాసార్లు తగ్గిపోతుంది.

గోల బయటిదైతే చిన్న ఏఎం రేడియో పట్టుకుని నడవాలి. దాని లోపల ఫెరైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన కడ్డీ యాంటెన్నా ఉంటుంది, ఆ కడ్డీ కొన గోల వైపు తిరిగినప్పుడు గోల పడిపోతుంది. గట్టిగా వినపడే దిక్కు కంటే ఈ పడిపోయే దిక్కే చాలా కచ్చితం. రెండు మూడు చోట్ల నుంచి మ్యాప్ మీద ఆ దిక్కుకి గీతలు గీస్తే అవి కలిసే చోటు దొరుకుతుంది. ఒక చిక్కుంది, తక్కువ ఫ్రీక్వెన్సీ గోల కరెంటు తీగల వెంట దూరం దూరం పాకుతుంది కాబట్టి స్తంభం స్తంభానికీ అనుమానం వస్తుంది, అందుకని దగ్గరపడే కొద్దీ పై ఫ్రీక్వెన్సీలకి మారి వినాలి, 100 మెగాహెర్ట్జ్ పైన కూడా వినపడుతోందంటే దాదాపు దాని కిందే నిలబడ్డట్టు. స్తంభాన్ని తన్నడం, దానికి ఊతంగా కట్టిన స్టే వైరు లాగి చూడటం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, ప్రాణాలు పోతాయి. నంబరు రాసుకుని కరెంటు వాళ్లకి చెప్పడమే మన పని.

చార్జర్ తీసేశాక నా మీటర్ 7 నుంచి 5 కి దిగింది, అక్కడ ఆగింది. ఇంకా ఏదో ఉంది, మెయిన్ ఆఫ్ చేస్తే అది కూడా పోతోంది, కానీ ఏ ఒక్క ప్లగ్గు పీకినా పోవట్లేదు. ఇక్కడే నాకు కోయాక్స్ కేబుల్ సంగతి నిజంగా అర్థమైంది. కోయాక్స్ అంటే మధ్యలో ఒక తీగ, చుట్టూ జల్లెడలా అల్లిన రాగి, మనం రెండు దారులు అనుకుంటాం. రేడియో ఫ్రీక్వెన్సీలో అవి మూడు దారులు. ఎందుకంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో సుమారు 25 మైక్రాన్ల లోతు వరకే ప్రవహిస్తుంది, అందువల్ల ఆ అల్లికకి లోపలి వైపు ఒక తీగలా, బయటి వైపు ఇంకో తీగలా విడివిడిగా పనిచేస్తాయి. లోపలి వైపు సిగ్నల్ వెళ్తుంది. బయటి వైపు? అది ఇంట్లోని చెత్తనంతా ఏరుకుంటూ పైన డైపోల్ (నా తీగ యాంటెన్నా) దాకా వెళ్లి, అక్కడ రెండూ కలిసే చోట లోపలికి దూరి, సిగ్నల్‌తో పాటు కిందికి వచ్చేస్తుంది. అంటే నేను ఎంతో దూరంలో, ఎంతో ఎత్తులో కట్టుకున్న యాంటెన్నాకి ఒక తోక ఉంది, ఆ తోక నా టేబుల్ మీద, అన్ని చార్జర్ల మధ్య పడుకుని ఉంది. దీనికి మందు చోక్. యాంటెన్నా దగ్గర కేబుల్‌ని ఒక పెద్ద ఫెరైట్ రింగులోంచి పది పన్నెండు చుట్లు తిప్పాలి, రింగుకి లోపలి సిగ్నల్ కనపడదు, వెళ్లే కరెంటు వచ్చే కరెంటు సమానంగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, బయటి వైపు పాకే గోలకి మాత్రం పెద్ద గోడలా అడ్డం నిలబడుతుంది. రింగు దేనికి పనికొస్తుందో చూసి తీసుకోవాలి, ఈ బ్యాండ్లకి 31 రకం మెటీరియల్ బాగా పనిచేస్తుంది, పాత పవర్ సప్లైలో దొరికిన పసుపు తెలుపు రింగు పనికిరాదు. చోక్ పెట్టాక మీటర్ 3 కి దిగింది. మాట్లాడుతుంటే మైక్ పట్టుకున్న వేలికి చురుక్కుమనడం, కంప్యూటర్ స్తంభించిపోవడం లాంటివి ఉన్నవాళ్లకి కూడా చాలాసార్లు ఇదే మందు, అది ఇదే దారిలో ఎదురు వచ్చే కరెంటు.

ఇప్పుడు పంపే వైపు తంటాలు. అందరూ నమ్మే మీటర్ ఎస్‌డబ్ల్యూఆర్, యాంటెన్నాకి వెళ్లిన పవర్లో ఎంత తిరిగొస్తోందో చెప్తుంది, 1 కి దగ్గరగా ఉంటే సంతోషం. కానీ అది ఒక్కోసారి పచ్చి అబద్ధం చెప్తుంది. కోయాక్స్ లోపలికి నీళ్లు దిగి కేబుల్ పాడైపోయిందనుకోండి, ఒకవైపు 6 డెసిబెల్స్ తినేస్తోందనుకోండి. అప్పుడు పైన యాంటెన్నా పూర్తిగా తెగి కింద పడినా సరే, వెళ్లేటప్పుడు 6, తిరిగొచ్చేటప్పుడు 6 పోయి, కింద మీటర్ 1.7 చూపిస్తుంది. మనమేమో పర్లేదు బాగానే ఉందని సీక్యూ, అంటే ఎవరైనా పలకండి అని, పిలుస్తూ కూర్చుంటాం. మునుపటి కంటే ఎస్‌డబ్ల్యూఆర్ దానంతట అదే బాగుపడిందంటే సంతోషించే ముందు కేబుల్‌ని అనుమానించాలి. అవతలి చివర యాంటెన్నాకి బదులు పవర్ని వేడిగా మింగేసే డమ్మీ లోడ్ పెట్టి, రెండు చివరలా పవర్ కొలిస్తే నిజం బయటపడుతుంది, కింద 100 వాట్లు ఇస్తే పైన 25 వస్తే కేబుల్ మార్చేయాలి, దాన్ని బాగుచేయలేం. కనెక్టర్ మీద తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టడం, కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు ఒక వంపు కిందికి వదలడం, ఈ రెండూ చేస్తే వాన నీళ్లు లోపలికి రావు.

పవర్ సప్లై తీగలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. 100 వాట్ల రిగ్ మాట్లాడేటప్పుడు 13.8 ఓల్టుల దగ్గర 20 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజ్ హోల్డర్లో తుప్పు పట్టి 0.1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందంటే 2 ఓల్టులు అక్కడే పోతాయి, 40 వాట్ల వేడి కూడా అక్కడే పుడుతుంది. వింటున్నప్పుడు అంతా బాగుంటుంది, మైక్ నొక్కగానే రిగ్ ఆగిపోతుంది లేదా గొంతు వణుకుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పెడితే 13.8 కచ్చితంగా చూపిస్తుంది, అందుకని డమ్మీ లోడ్ మీద పంపుతూ, రిగ్ వెనకాల, తీగ చివర కొలవాలి.

అన్నీ బాగున్నా బ్యాండ్ మొత్తం నిశ్శబ్దంగా ఉండే రోజులుంటాయి. సూర్యుడి మీద పెద్ద ఫ్లేర్ (పేలుడు లాంటిది) వస్తే దాని ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో ఇక్కడికొచ్చి, పగలున్న వైపు అయానోస్పియర్ (మన సిగ్నళ్లని కిందికి తిప్పి దూరాలకి పంపే పై వాతావరణం) కింది పొరని చిక్కగా చేసేస్తాయి, సిగ్నళ్లని అది మింగేస్తుంది, ఒక్కోసారి గంటసేపు కూడా. రిగ్ పోయిందేమో అని భయపడకుండా 14.100 మెగాహెర్ట్జ్ మీద వినండి. ప్రపంచమంతటా పెట్టిన 18 బీకన్లు (తమంతట తామే సిగ్నల్ పంపే స్టేషన్లు) అక్కడ తలా 10 సెకన్ల చొప్పున వరసగా పంపుతాయి, 3 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక్కో బీకన్ తన పేరు 100 వాట్లతో పంపి, తర్వాత నాలుగు పొడుగు గీతలు 100, 10, 1, 0.1 వాట్లతో పంపుతుంది. ఆ చివరి గీత, టార్చ్ బల్బుకి కూడా చాలని పవర్, వేల కిలోమీటర్ల అవతల నుంచి సన్నగా వినపడ్డ రోజు రిగ్ గురించి, యాంటెన్నా గురించి ఇంకే సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

గోల వెంట పడటం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ రేడియో ఖగోళ శాస్త్రం పుట్టింది దాంట్లోంచే. 1930ల మొదట్లో అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీర్‌కి ఇచ్చిన పని, అట్లాంటిక్ దాటే రేడియో టెలిఫోన్లో గోల ఎక్కడిదో కనుక్కోవడం. 20.5 మెగాహెర్ట్జ్‌కి ఒక పెద్ద యాంటెన్నా కట్టి, ఫోర్డ్ మోడల్ టీ కారు చక్రాల మీద గుండ్రంగా తిప్పుతూ విన్నాడు. దగ్గరి పిడుగులు, దూరపు పిడుగులు పోగా ఒక సన్నటి హిస్ మిగిలింది. మొదట సూర్యుడేమో అనుకున్నాడు, కానీ అది 24 గంటలకి కాకుండా 23 గంటల 56 నిమిషాలకి తిరిగొస్తోంది, అది నక్షత్రాలు తిరిగొచ్చే లెక్క. 1933లో ప్రకటించాడు, ఆ హిస్ ధనూరాశి వైపున్న పాలపుంత మధ్యభాగం నుంచి వస్తోందని. దాన్ని అందిపుచ్చుకుని 1937లో తన పెరట్లో సుమారు 9 మీటర్ల డిష్ కట్టి ఆకాశాన్ని వినడం మొదలుపెట్టిన గ్రోట్ రీబర్ ఒక హ్యామ్. జాన్‌స్కీకి ఆ 4 నిమిషాల తేడా దొరికింది రోజూ టైము, దిక్కు రాసిపెట్టుకున్నందుకే, నేను కూడా అందుకే ఒక నోట్‌బుక్ పెట్టాను, గోల మొదలైన టైము, ఆగిన టైము, ఎండా వానా, మీటర్ అంకె.

ఆ నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒకటి మిగిలి ఉంది. 21 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి ఒకటి చొప్పున టిక్ టిక్‌మని వస్తోంది, యాంటెన్నా పీకితే పోతోంది, మెయిన్ ఆఫ్ చేసినా పోవట్లేదు, రాత్రి పదికి మొదలై తెల్లారి ఆగుతోంది. ఈ ఆదివారం రాత్రి చిన్న రేడియో పట్టుకుని బయల్దేరుతున్నా.